పైమలుపు సిగ్నలు

ఆ వానాకాలమంతా మా ఇంట్లో ఎవరో ఒకరు కుర్చీకి అతుక్కుపోయే ఉన్నారు. ఎక్కువగా మా అత్త. ఆవిడ స్నానానికి లేస్తే నేను, నేను పొయ్యి దగ్గరుంటే మా ఆడపడుచు, ఇద్దరికీ కుదరకపోతే కలప లారీ తోలి ఒళ్లు హూనం చేసుకుని వచ్చిన మా ఆయన. కుర్చీ ఎదురుగా గోడకి చెక్క అర, దాని మీద ఒక ఫోను. అది మోగితే వెంటనే ఎత్తాలి, ఎత్తకపోతే ఎవరి ప్రాణమైనా పోవచ్చని మా ఆడపడుచు చెప్పింది. ఎత్తినా పోవచ్చని అప్పటికి తనకీ తెలియదు.

మా ఆడపడుచుని ఇంట్లో అందరూ పొట్టి అంటారు. చిన్నప్పుడు పెట్టిన పేరు. తర్వాత వాళ్ల అన్నని మించి ఎదిగినా ఎవరూ పేరు మార్చలేదు. పట్నంలో ఫోన్ల కంపెనీలో టవర్ల పని చూసేది. ఆ ఏడు వానలు మొదలైన వారంలోనే ఉద్యోగం మానేశానంటూ మూడు అట్టపెట్టెలతో దిగింది. బట్టలు మాత్రం చేతిసంచిలో పట్టేశాయి.

"పెట్టెల్లో ఏముందే?" అన్నాను.

"టవరు, వదినా."

"ఇంకా నయం, రైలు తీసుకురాలేదు."

తను నవ్వలేదు. పెట్టె విప్పి, అరచేతులు రెండూ కలిపితే పట్టేంత పలక ఒకటి తీసి బల్ల మీద పెట్టింది. దాని మీద చీమల బారుల్లాగా సన్నటి గీతలు. ఇదే టవరంటే నమ్మడానికి నాకు చాలా ఓపిక కావాల్సి వచ్చింది.

మా ఇల్లు కలప మిల్లు వాళ్ల వరస ఇళ్లలో చివరిది. కొండకి ఇవతల మిల్లు, అవతల పట్నం. రోడ్డు మిల్లు నుంచి ఎక్కీ ఎక్కీ కొండ కొన మీద ఒక మలుపు తిరిగి అవతలికి దిగుతుంది. దాన్ని పైమలుపంటాం. కంపెనీల టవర్లన్నీ అవతలి వైపే. మా వైపు ఫోనంటే పాటలు వినడానికీ, చీకట్లో దారి చూసుకోవడానికీ పనికొచ్చే వస్తువు. మిల్లు ఆఫీసులో ఒక తీగ ఫోను ఉండేది గాని, గాలి గట్టిగా వీస్తే దానికి నోరు పడిపోతుంది.

అంతకుముందు ఏడు వానల్లో, పైమలుపుకి కాస్త ఇవతల కొండచరియ విరిగింది. పొద్దున్నే దుంగల లోడుతో వెళ్లిన మా ఆయన మర్నాటి దాకా రాలేదు. లారీ లోయలో ఉందో, మట్టి కింద ఉందో చెప్పేవాళ్లు లేరు. అత్త గుమ్మంలో కూర్చుంది, నేను రోడ్డు మీద నిలబడ్డాను. తీరా చూస్తే మనిషి ఒళ్లంతా బురదతో నడుచుకుంటూ వచ్చి, "ఆకలేస్తోందే" అన్నాడు. అందరూ చూస్తుండగా ఆయన్ని రెండు చేతులా బాదాను. ఆ రోజు నుంచి వాన చప్పుడు వింటే చేతిలో పని వదిలేసి రోడ్డు మీదికి వచ్చేదాన్ని.

"ఇది అన్నయ్య కోసమే వదినా. పైమలుపు దాకా అందేలా పెడతాను. ఇంక అన్నయ్య ఎక్కడున్నాడో నీకు తెలియని క్షణం ఉండదు," అంది పొట్టి.

ఆ మాటతో నా వేళాకోళం ఆగిపోయింది. ఏం కావాలో చెప్పమన్నాను.

చాలానే కావాల్సి వచ్చింది. చిన్న ప్రాంతం వరకు టవరు పెట్టుకోవడానికి అనుమతి పట్నంలో ఉండగానే సంపాదించింది. మిల్లు నీళ్ల ట్యాంకు మీద దాన్ని పెట్టనివ్వడానికి మేనేజరు గారు ఒప్పుకున్నారు, లోడ్లు తోలే డ్రైవర్లకే ముందు సిమ్ములివ్వాలన్న షరతు మీద. అత్తకి మాత్రం అనుమానం తీరలేదు.

"ఇదంతా ఎవరు చేసిచ్చారే నీకు?"

"ఎవరూ చేసివ్వలేదమ్మా. పలక ఎలా చెయ్యాలో బొమ్మలు గీసి అందరికీ కనిపించేలా పెట్టారు. లోపల నడిచే ప్రోగ్రాము కూడా అంతే. ఎవరైనా తీసుకోవచ్చు, తమకి తగ్గట్టు మార్చుకోవచ్చు. మార్చింది మళ్లీ అందరి ముందూ పెట్టాలి."

"ఊరికేనా?"

"ఊరికేనే."

"ఎవరు వాళ్లు?"

"మొహాలు చూడలేదు. ఒకాయన గొర్రెల మందలున్న చోట పెట్టుకున్నాడట. ఒకావిడ పడవల రేవులో."

"మొహం తెలియనివాళ్లని నమ్ముకుని నా కొడుకుని కొండెక్కించాలా?"

"కంపెనీవాళ్ల మొహాలు మాత్రం ఎప్పుడు చూశావమ్మా?"

అత్త మారు మాట్లాడలేదు. మా ఇంట్లో అది అరుదుగా జరిగే వింత.

నా వంతు పని కూడా ఒకటి పడింది. నేను లారీలకి టార్పాలిన్లు కుడతాను. పలకని పెట్టిన డబ్బాకి తొడుగు కావాలంది పొట్టి. గాలి ఆడాలట, నీళ్లు మాత్రం దూరకూడదట. లారీలవాళ్లు రోజూ అడిగేదీ అదేనని చెప్పి, మందపాటి పట్టా కత్తిరించి రెండు పొరలు వేసి కుట్టాను. అంచుల్లో మైనం రాశాను. నా చేతి పని అంత ఎత్తున ఎక్కడం అదే మొదలు. ట్యాంకు మీద దాన్ని బిగిస్తుంటే కింద నిలబడి తాడు ముడి వదులైందని అరుస్తూనే ఉన్నాను.

మొదటి ఫోను మా ఆయన పైమలుపు నుంచి చేశాడు.

"ఇదిగో. పైమలుపులో ఉన్నా. వాన పడుతోంది. వినిపిస్తోందా?"

వినిపిస్తోంది. వైపర్ల చప్పుడుతో సహా వినిపిస్తోంది. ముక్కు ఎగపీల్చాను.

"ఏమైందే? ఏడుస్తున్నావా?"

"ఉల్లిపాయలు కోస్తున్నా."

"సరే, కొయ్యి కొయ్యి," అన్నాడు. నవ్వుతున్నాడని తెలుస్తోంది.

ఆ తర్వాత వరస ఇళ్లన్నీ ఫోన్లకి ఎగబడ్డాయి. మా టవరు బయటి లోకంతో కలవదు, మాలో మేం మాట్లాడుకోవడానికే. అదే చాలన్నారు అందరూ. గోడ తడితే పలికే పక్కింటావిడకి మా అత్త ఫోను చేసి, కూరలో ఉప్పెంత వేశావని అడిగేది. మొగుడూ పెళ్లాలు ఎదురెదురుగా చెప్పుకోలేనివి ఫోనులో చెప్పుకున్నారని కూడా విన్నాను. పొట్టిని అందరూ పేరు పెట్టి పిలవడం మానేసి టవరమ్మ అనడం మొదలుపెట్టారు.

ఒకరోజు అన్నాల దగ్గర తనే మాట ఎత్తింది. "ఒకటి మిగిలిపోయింది వదినా. అత్యవసర నంబరు."

"దానికేమైంది?"

"మన టవరు కింద నిలబడి ఎవరు ఆ నంబరు నొక్కినా మన దగ్గరికే వస్తుంది. మన సిమ్ము లేకపోయినా సరే, దారిన పోయేవాళ్లదైనా సరే. దగ్గర్లో ఏ టవరు ఉంటే దానికి మొరపెట్టుకోవడం ఫోను స్వభావం. వచ్చిన కాల్‌ని ఎక్కడో ఒకచోట మోగించాలి. మోగించకపోతే మనం మోసం చేసినట్టే."

"మిల్లు ఆఫీసులో మోగనీ."

"సాయంత్రం తాళం వేసుకుపోతారు."

ముగ్గురం ఒకళ్ల మొహాలొకళ్లం చూసుకున్నాం. అత్త చెయ్యి కడుక్కుని, "నేను కూర్చుంటాలే. నాకు మాత్రం వేరే పనేముంది, దీని వంటకి వంకలు పెట్టడం తప్ప," అంది.

అలా కుర్చీ వచ్చింది. ఫోనెత్తగానే ఏం అడగాలో పొట్టి వాళ్లమ్మకి నేర్పింది: ఎవరు, ఏమైంది, ఎక్కడ. అత్త తనంతట తాను నాలుగోది కలిపింది: ఏమైనా తిన్నావా? రంపం కింద వేలు తెగిన మనిషిని కూడా అదే అడిగింది. అతన్ని మా ఆయన లారీలో పట్నం చేర్చాడు, వేలు దక్కింది. నిచ్చెన మీదనుంచి పడిన పక్క వరస పిల్లకి కట్టు ఎలా కట్టాలో అత్తే ఫోనులో చెప్పింది. తాగి పాట పెట్టమన్నవాణ్ణి అత్త తిట్టిన తిట్లకి వాడు మర్నాడు తాగకుండా వచ్చి క్షమాపణ చెప్పుకున్నాడు. ఇల్లు కదలడానికి లేక నాకు తలనొప్పిగానే ఉండేది, అత్తతో రోజుకో తగువు. అయినా కుట్టుపని ఇచ్చేవాళ్లు మా గుమ్మంలో కాస్త తగ్గి మాట్లాడుతుంటే గర్వంగా ఉండేది. అబద్ధమెందుకు, బాగానే ఉండేది.

వాన ఆగకుండా కురిసిన ఒక మధ్యాహ్నం. చరియలు జారేలా ఉన్నాయని మేనేజరు గారు లోడ్లు ఆపేశారు. మా ఆయన ఇంట్లో ఉన్నాడు. చాప మీద వెల్లకిలా పడుకుని గురక పెడుతున్నాడు. ఆ గురక వింటూ మిషను తొక్కుతుంటే నాకు హాయిగా ఉంది. అప్పుడు మోగింది.

అత్త ఎత్తి స్పీకరు నొక్కింది. "ఎవరమ్మా? ఏమైంది? ఎక్కడ?"

"అంబులెన్సు పంపించండి. కారు పడిపోయింది." కొత్త గొంతు. ఆడమనిషి. "మా ఆయన కాలు ఇరుక్కుపోయింది. రక్తం ఆగట్లేదండీ."

"ఎక్కడున్నారు తల్లీ?"

"తెలీదండీ. కొండ మీద మలుపు. పడిపోతూ చెట్టుకి ఆగాం. పైకి ఎక్కి చూశాను. కింద పట్నం కనిపిస్తోంది."

మా ఆయన అప్పటికే లేచి కూర్చున్నాడు. ఆ రోడ్డులో పట్నం కనిపించేది ఒక్క చోటే. "పైమలుపు," అని చొక్కా కోసం చూశాడు.

"పట్నం కనిపిస్తోందా?" అని పొట్టి తనలో తనే అనుకున్నట్టుగా అంది. అని, తీగ ఫోను పనిచేస్తుందేమో చూస్తానని వానలోనే మిల్లు ఆఫీసుకి పరిగెత్తింది. పనిచెయ్యడం లేదు.

నేను మా ఆయన చొక్కా పట్టుకున్నాను. "చరియలు పడతాయని లోడ్లే ఆపేశారండీ."

"అక్కడ మనుషులున్నారే."

"మీరూ మనిషేగా!"

నా వేళ్లు ఒక్కొక్కటే విడదీసి వెళ్లిపోయాడు. మిల్లులోంచి మరో ఇద్దరు గొలుసులూ గునపాలూ పట్టుకుని లారీ ఎక్కారు. అత్త ఇదేమీ చూడలేదు. ఫోనుకి మొహం ఆనించి మాట్లాడుతోంది.

"గాయానికి పైన గట్టిగా కట్టమ్మా. చున్నీ ఉందా? కట్టు. ఇంకా గట్టిగా. ఆయనకి నొప్పి పుట్టినా సరే కట్టు."

"కట్టాను. అంబులెన్సు బయల్దేరిందా అండీ?"

కిటికీలోంచి లారీ వెనక దీపాలు కనిపిస్తున్నాయి. అత్త వాటినే చూస్తూ, "బయల్దేరింది తల్లీ. మా వాడే తోలుతున్నాడు," అంది.

తర్వాత ఎంతసేపు గడిచిందో చెప్పలేను. ఆవిడ ఏడ్చినప్పుడల్లా అత్త ఏదో ఒకటి అడిగేది. పిల్లలున్నారా? ఆయన ఏం పని చేస్తాడు? పొద్దున్న ఏమైనా తిన్నారా? ఇంకో ఫోనులో మా ఆయన నాకు చెబుతున్నాడు: ఎక్కుతున్నాం, ఎక్కుతున్నాం, చరియ పడి రోడ్డు పూడిపోయింది, లారీ పోదు, దిగి నడుస్తున్నాం. పొట్టి మాట ఇచ్చినట్టే అయింది. ఆయన ఎక్కడున్నాడో నాకు అడుగడుగునా తెలుస్తోంది. తెలిసినకొద్దీ భయం పెరిగిందే గాని తగ్గలేదు.

మధ్యలో ఆవిడ ఫోను ఆగిపోయింది. ఛార్జింగు అయిపోయిందో, తడిసిందో. అత్త "అమ్మా, అమ్మా" అని చాలాసేపు పిలిచింది. కాసేపటికి అదే ఫోను మళ్లీ మోగితే ఆత్రంగా ఎత్తింది. రెండు క్షణాలు విని, తీసి మళ్లీ అర మీద పెట్టేసింది. ఎవరని అడిగితే, తెలిసిన గొంతులా ఉంది, పెట్టేశారు అంది.

మర్నాడు పొద్దున్న మా ఆయన నడుచుకుంటూ వచ్చాడు. ఈసారి నేను కొట్టలేదు. ఆయన బూట్లు విప్పకుండా మెట్టు మీద కూర్చుండిపోయాడు.

"ఆయన పోయాడమ్మా. ఆవిడ బతికింది," అన్నాడు వాళ్లమ్మతో.

అత్త కళ్లు మూసుకుంది. నేను మంచినీళ్లిచ్చాను. తాగకుండా చేతిలో పట్టుకుని నెమ్మదిగా చెప్పుకొచ్చాడు.

"మేం వెళ్లేసరికి ఇంకా ఊపిరి ఉంది. కాలు విడిపించాం. మోసుకుని రోడ్డు మీదికి తెచ్చాం. ఇటు చూస్తే చరియ. అటు పట్నం వైపు రోడ్డు శుభ్రంగా ఉంది, ఒక్క రాయి కూడా పడలేదు. సరే, ఆసుపత్రి బండి పిలుద్దామని అక్కడే నిలబడి అత్యవసర నంబరు నొక్కాను. ఎవరెత్తారో తెలుసా? అమ్మ."

అత్త కళ్లు తెరిచింది.

"నా గొంతు నీకే వినిపించిందిగా. నాకేం చెయ్యాలో తోచక పెట్టేశాను. మనవాడొకడు పట్నం వైపు కిందికి పరిగెత్తుకుంటూ పోయాడు. మన సిగ్నలు పోయేదాకా పరిగెత్తి, అక్కడ నొక్కితే అప్పుడు పట్నంవాళ్లు ఎత్తారు. వాళ్ల బండి కొండ మొదట్లోనే ఉందట. వానాకాలమంతా అక్కడే పెడతారట. చూస్తుండగానే వచ్చేసింది. నేనూ బండెక్కాను. దార్లోనే పోయాడు. ఆ బండిలో వచ్చినాయన నా మీద అరిచాడు. ఇంతసేపు ఏం చేస్తున్నారయ్యా, ముందే మాకు చెయ్యొచ్చుగా అని. ఆవిడ చేసిందండీ అన్నాను. మాకేం రాలేదు అన్నాడు."

పొట్టి గోడకి ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుంది.

"పట్నం కనిపిస్తోందంటే పట్నం టవరు కూడా ఆ చోటికి కనిపిస్తుంది," అంది. "సన్నగా, వచ్చీ పోతూ ఉంటుంది. మనది అక్కడ గట్టిగా ఉంది. నేనే గట్టిగా పెట్టాను, అన్నయ్య కోసం. ఆవిడ ఫోను మనదాన్ని పట్టుకుంది. ఆ మాట విన్నప్పుడే నాకు తట్టాల్సింది. నేను ఆఫీసుకి పరిగెత్తకుండా మన పెట్టె ఆపేసి ఉంటే, ఆవిడ ఫోను దానంతటదే పట్నాన్ని వెతుక్కునేది."

అర మీద ఫోను అలాగే ఉంది. అత్త వెళ్లి దాని ఎదురుగా కుర్చీలో కూర్చుంది.

ఆ తర్వాత ఇల్లు ఇల్లులా లేదు. మూడో రోజో నాలుగో రోజో పొట్టి నా మిషను పక్కకి వచ్చి నిలబడింది.

"రెండు దారులున్నాయి వదినా. కొత్తవాళ్ల ఫోన్లు మన దగ్గరికి రాకుండా చెయ్యొచ్చు. అప్పుడు పైమలుపు తప్ప మిగతా రోడ్డులో ఎక్కడ పడిపోయినా వాళ్లకి దిక్కుండదు. లేదంటే, పైమలుపు మీదికి మన సిగ్నలు పోకుండా యాంటెన్నా పక్కకి తిప్పెయ్యాలి. అప్పుడు..."

"అప్పుడు మీ అన్నయ్య ఫోను అక్కడ పనిచెయ్యదు."

"పనిచెయ్యదు. అక్కడా, దానికి ఇవతల చరియలు పడే చోటా."

"ఆ చోటు కోసం కాకపోతే ఈ పెట్టె ఎందుకే మనకి? పక్కింట్లో ఉప్పు గురించి అడగడానికా?"

మా ఆయన చాప మీదనుంచి, "తిప్పెయ్యనీవే," అన్నాడు.

"మీకేమండీ, మీరు లారీలో ఉంటారు. ఇక్కడ ఉండేది నేను," అన్నాను. అంతే, ఆయన అటు తిరిగి పడుకున్నాడు.

మేనేజరు గారు నా పక్షమే. లోడ్లు నడవాలంటే పైమలుపులో ఫోను ఉండాల్సిందే అన్నారు. పైగా ఆ కారు పడ్డాక పట్నం వైపు కొండ మొదట్లో రోడ్డుకి అడ్డు కట్టి కార్లని రానివ్వడం లేదు. ఇంక ఎవరొస్తారు, ఎవరు పడతారు అని వాదించాను. వానలు తగ్గగానే అడ్డు తీసేస్తారు వదినా, అంది పొట్టి. తగ్గినప్పుడు చూద్దాం అన్నాను.

ఒకరోజు మిల్లు ఆఫీసులో తీగ ఫోను బాగుపడిందని పొట్టి కంప్యూటరు పట్టుకెళ్లింది. పెట్టెల బొమ్మలు గీసి పంచుకునే ఆ మొహం తెలియనివాళ్లందరికీ జరిగింది జరిగినట్టు రాసి పెట్టేసి వచ్చింది. నాకు ఒళ్లు మండింది.

"మన ఇంట్లో జరిగినదాన్ని లోకమంతా దండోరా వేస్తావా?"

"వాళ్ల దగ్గరా ఇదే ప్రోగ్రాము ఉంది వదినా. తీసుకున్నప్పుడు మార్చింది చూపిస్తానని తీసుకున్నాను. చెడగొట్టింది మాత్రం దాచుకుంటానా?"

తర్వాత జవాబులొచ్చాయని చెప్పింది. పడవల రేవు ఆవిడ తన దగ్గర కూడా అలాంటి చోటు ఒకటుందని వెతికి పట్టుకుందట. ముందే ఆపుకుందట. ఆ మాట చెబుతూ పొట్టి ఏడ్చింది. నేను ఓదార్చలేదు. నా కోపం నాకుంది. ఆ కోపం కింద భయముంది, నాకు తెలుసు.

అత్త మాత్రం కుర్చీ వదల్లేదు. ఎవరు, ఏమైంది, ఎక్కడ అని అడిగేది. నాలుగోది అడగడం మానేసింది.

వానలు సన్నబడి, రోడ్డు బాగుచేసి, అడ్డు తీసేసిన రోజుల్లో ఒకావిడ మా గుమ్మం ముందు అద్దె కారు దిగింది. చేతికర్ర ఆసరాతో నడుస్తోంది. నాకంటే చిన్నదే. కారుని పంపించేసి, "ఫోనులో మాట్లాడిన పెద్దావిడ ఇక్కడేనా ఉండేది?" అని అడిగింది. గొంతు వినగానే అత్త అర మీది ఫోను వైపు తిరిగింది.

లోపల కూర్చోబెట్టాం. మా ఆయన ఆ రోజు లోడు ఎక్కించుకుని బయల్దేరబోతూ ఆగిపోయాడు. ఆవిడ ఆయనకి దణ్ణం పెట్టింది. తర్వాత అత్త వైపు తిరిగి, "ఆ రోజు మీరు మాట్లాడుతూ ఉండబట్టి నేను నిలబడ్డాను. మీరే లేకపోతే ఆయన పక్కన ఒక్కదాన్నే ఉండేదాన్ని. ఒక్కసారి చూసి పోదామని వచ్చాను," అంది.

పొట్టి నోరు తెరవబోయింది. అత్త చెయ్యెత్తి ఆపింది. కుర్చీలోంచి లేచి, వెళ్లి ఆవిడ ఎదురుగా నేల మీద కూర్చుంది.

"నాకు దణ్ణం పెట్టకు తల్లీ. నువ్వు పట్నంవాళ్లకి చేసిన ఫోను నేనెత్తాను. మేం ఈ టవరు పెట్టి ఉండకపోతే అది వాళ్లకే పోయేది. వాళ్ల బండి కొండ కిందే ఉంది. నీ మొగుడు బతికేవాడేమో. నాకు తెలియదు. బతికేవాడేమో."

ఆవిడ అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండునని కూడా అనిపించింది. ఆవిడ అర మీది ఫోను వైపు చూసింది, తర్వాత మా అందరి వైపూ చూసింది.

"ఇప్పుడు అక్కడినుంచి ఎవరైనా చేస్తే ఎవరెత్తుతారు?"

అత్త పొట్టి వంక చూసింది. పొట్టి నా వంక చూసింది. మా ఆయన ఎటూ చూడకుండా తాళాల గుత్తి తిప్పుతున్నాడు. నాకు ఆయన మీద ఎంత ప్రేమో ఆ గదిలో అందరికీ తెలుసు. ఇంకెవరూ జవాబు చెప్పరని నాకు అర్థమైంది.

"పొట్టీ, నిచ్చెన తీసుకురా," అన్నాను.

ట్యాంకు మీదికి నేనూ ఎక్కాను. నేను కుట్టిన తొడుగు ముడి నేనే విప్పి పట్టుకున్నాను. పొట్టి మరలు వదులు చేసి యాంటెన్నాని పైమలుపుకి ఎడంగా, లోయ వైపు తిప్పింది. పెద్ద పనేం కాదు, కుండ మూత తిప్పినంత. కింద మేనేజరు గారు ఏదో కేకలేస్తున్నారు. నేను తొడుగు మళ్లీ కట్టేశాను.

"వెళ్లి చూడాలి వదినా," అంది పొట్టి. "పైమలుపులో మనది పూర్తిగా పోయిందో లేదో."

ఆవిడని పట్నంలో దింపి రావడానికి మా ఆయన లారీలోనే బయల్దేరాం, ఆవిడా ఆయనా నేనూ ముగ్గురం ముందు సీట్లో. బాగుచేసిన చరియ దగ్గర ఆయన తన ఫోను తీసి నాకిచ్చాడు. సిగ్నలు గీతలు ఒక్కొక్కటే తగ్గి, ఏమీ లేకుండా పోయాయి. ఇకనుంచి ప్రతి లోడుకీ ఇక్కడినుంచి మళ్లీ ఇక్కడికి వచ్చేదాకా ఆయన ఉన్నాడో లేదో నాకు తెలియదు. ఫోను ఒళ్లో పెట్టుకుని రోడ్డు వైపే చూస్తూ కూర్చున్నాను.

పైమలుపులో ఆపమంది ఆవిడ. దిగి, రోడ్డు అంచున నిలబడింది. విరిగిన చెట్టు ఇంకా అలాగే ఉంది. అవతల ఎండలో పట్నం తెల్లగా కనిపిస్తోంది. ఆవిడ తన ఫోను తీసి చూసుకుంది. ఒక గీత వస్తోంది, పోతోంది, మళ్లీ వస్తోంది. నా వంక ఒకసారి చూసి, ఆ నంబరు నొక్కింది.

ఒక్కసారి మోగిందో లేదో, మగ గొంతు పలికింది. "అత్యవసర సేవ. చెప్పండి, ఎక్కడున్నారు?"

ఆవిడ ఫోను చెవికి అదిమిపట్టి, విరిగిన చెట్టు వైపు తిరిగింది.

"హలో? చెప్పండమ్మా, ఎక్కడున్నారు? బండి సిద్ధంగా ఉంది."

నేను ఆవిడ చేతిలోంచి ఫోను తీసుకున్నాను. "ఏం లేదు బాబూ. కొండ మీద పైమలుపు నుంచి. ఎత్తుతారో లేదో చూశాం."

"ఇది ఆటలాడుకునే నంబరు కాదమ్మా. మనుషుల ప్రాణాలతో పని. ఇంకెప్పుడూ ఇలా చెయ్యకండి," అని కసిరి పెట్టేశాడు.

ఫోను ఆవిడ చేతిలో పెట్టి, ఆ చెయ్యి అలాగే పట్టుకున్నాను. మా ఆయన లారీ బానెట్టుకి ఆనుకుని బూట్ల వంక చూసుకుంటున్నాడు. ఆవిడ పట్నం వైపే చూస్తూ నిలబడింది.

"ఎంత తొందరగా ఎత్తాడో," అంది చివరికి.

అవునన్నాను.